బెసలేలు చేతిలో కంప్యూటరు

బైబిలు క్విజ్ పోటీలలో యౌవనస్థులను అడగదగిన ప్రశ్న ఒకటుంది. దేవుని ఆత్మతో నింపబడినవాడని లేఖనము మొట్టమొదట ఎవరిని గురించి చెప్పింది? మోషే అని కొందరంటారు, యెహోషువ అని కొందరు, దావీదు అని మరికొందరు. జవాబు నిర్గమకాండము 31వ అధ్యాయములో ఉంది. ఆయన ప్రవక్త కాడు, యాజకుడు కాడు, సైన్యాధిపతీ కాడు. యూదా గోత్రపువాడు, హూరు మనుమడు, బెసలేలు. బతుకుతెరువు చేతిపని. లోహము పోత పోయడం, రత్నాలను సానబట్టి పొదగడం, కర్ర చెక్కడం ఆయనకు తెలిసిన విద్యలు. ప్రత్యక్షపు గుడారము ఆయన చేతుల మీదుగా తయారైంది.

35వ అధ్యాయానికి వస్తే మరొక సంగతి కనిపిస్తుంది. మనము చాలాసార్లు చదివి దాటిపోతాము. బెసలేలుకు, ఆయన తోటి పనివాడైన అహోలీయాబుకు పనిచేసే నేర్పు మాత్రమే కాదు, ఇతరులకు నేర్పే బుద్ధి కూడా దేవుడే ఇచ్చాడని అక్కడ ఉంది. పాఠకులు ఈ రెండో మాటను కాస్త గుర్తుంచుకోవాలని మనవి. శిల్పుల పాకలలోకి కంప్యూటరు, రోబోటు వచ్చిన ఈ రోజులలో అసలు చిక్కు ఆ మాట దగ్గరే ఉందని నా అభిప్రాయం.

దీనిని చూడడానికి దూరదేశం వెళ్లనక్కరలేదు. మీ ఊరి సమాధుల తోటకు వెళ్లండి. పాత సమాధి రాళ్ల మీద అక్షరాలు ఉలితో చెక్కినవి. ఒక అక్షరం లోతుగా దిగి ఉంటుంది, పక్కది పైపైన ఉంటుంది. పంక్తి చివర చోటు చాలక ఆఖరి అక్షరం చిన్నదైపోయి కిందకు జారుతుంది. చెక్కినవాడి చెయ్యి ఎక్కడ అలసిందో రాయి చెప్పేస్తుంది. ఇటీవలి రాళ్లు చూడండి. నల్ల గ్రానైటు అద్దంలా మెరుస్తుంది. అక్షరాలన్నీ అచ్చుపోసినట్టు ఒకే తీరు. చనిపోయినవారి ఫోటోను కూడా రాతి మీదనే లేజరు కిరణంతో గీస్తున్నారు. పేరు కంప్యూటరులో టైపు చేస్తే మిగతా పని యంత్రానిది. చర్చి గోడకు పెట్టే శంకుస్థాపన ఫలకాలదీ ఇదే కథ. తప్పులు మాత్రం పోలేదండోయ్! టైపు చేసినవారికి తెలుగు సరిగా రాకపోతే, వత్తు ఊడిన పేరు గ్రానైటు మీద వందేళ్లు నిలిచి ఉంటుంది.

సమాధి రాతికి అక్షరాలు చాలు. మనిషి ముఖాన్ని, గాడిద చెవిని, ఆలయపు కప్పును చెక్కవలసి వచ్చినప్పుడు ఉలికీ కంప్యూటరుకూ పొత్తు ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్నను ప్రపంచంలో అందరికంటె ఎక్కువ కాలం ఎదుర్కొన్నవారు ఒక ఆలయపు పనివారే. అందుకే ఆ కథను కాస్త వివరంగా చెబుతాను.

పరిశుద్ధ కుటుంబపు ఆలయము

స్పెయిన్ దేశంలోని బార్సిలోనా నగరంలో సగ్రాడా ఫామీలియా అనే ఆలయముంది. ఆ పేరుకు పరిశుద్ధ కుటుంబము అని అర్థము. 1882 మార్చి 19న పునాది రాయి వేశారు. మరుసటి ఏడు ఆ పని ఆంటోనీ గౌడీ అనే యువ ఆర్కిటెక్టు చేతికి వచ్చింది. ఆయన 43 ఏళ్లు దాని మీదనే గడిపారు. 1926 జూన్ 7న వీధి దాటుతుండగా ట్రాము ఢీకొంది. చిరుగు బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకున్నారట. మూడు రోజులకు కన్నుమూశారు. ఆలయానికి ఆయన తలపెట్టిన గోపురాలు 18. తన కళ్లతో పూర్తిగా చూసుకున్నది ఒక్కటే, 1925 నవంబరులో ముగిసిన బర్నబా గోపురము.

ఇది కథోలిక సహోదరుల ఆలయము. గోడల నిండా ప్రతిమలే. తెల్లగోడల ప్రార్థనా మందిరాలకు అలవాటుపడిన మన కళ్లకు అది కొత్తగానే ఉంటుంది. ఆ భేదాన్ని గురించి మాట్లాడుకోవడానికి వేరే సందర్భాలున్నాయి. ఇక్కడ మనకు కావలసింది ఆ రాతి పని.

గౌడీ శిల్పాలు చేయించిన తీరు వింటే ఆశ్చర్యమేస్తుంది. తూర్పున ఉన్న క్రీస్తు జనన ద్వారము మీద, ఐగుప్తుకు పారిపోయే పరిశుద్ధ కుటుంబాన్ని చెక్కాలి. దానికి గాడిద కావాలి. బలిసిన మంచి గాడిదలను తెచ్చి చూపారు. ఆయనకు నచ్చలేదు. వీధులలో తిరిగి సరకు అమ్ముకునే ఒక స్త్రీ దగ్గరున్న అలసిన గాడిదను ఎంచుకున్నారు. దానిని పట్టీలతో పైకెత్తి, కదలకుండా పట్టుకుని, ఒంటి మీద ప్లాస్టరు అచ్చు తీశారు. కోళ్లకు మత్తు ఇచ్చి వాటి అచ్చులూ తీశారు. బేత్లెహేము శిశువులను చంపే రోమా సైనికుడికి నమూనాగా నిలబడినవాడు సారాకొట్టులో పనివాడు. అతని కాలికి ఆరు వేళ్లు. ఆ ఆరో వేలు తీసేద్దామని సహాయకుడు అంటే గౌడీ ఒప్పుకోలేదని చెబుతారు. ఈనాటికీ ఆ సైనికుని పాదానికి ఆరు వేళ్లే.

ఇంకొకటి వినండి. మనిషిని నిలబెట్టి, చుట్టూ అద్దాలు అమర్చి, ఒకే ఫోటోలో ముందూ వెనుకా పక్కలూ కనబడేటట్టు తీయించేవారు. ఇప్పుడు స్కానరు చేసే పనిని ఆయన అద్దాలతో చేయించారన్నమాట. అచ్చు తీసిన బొమ్మను గోడ మీద దాని చోట వేలాడదీసి, కింద వీధిలో నిలబడి చూసి, తల పెద్దదనో చెయ్యి పొట్టిదనో సరిచేసి, ఆ తరువాతనే రాతిని ముట్టుకోనిచ్చేవారు. సంప్రదాయ శిల్పమని మనము గౌరవంగా చెప్పుకునేది కూడా తన కాలపు కొత్త పరికరాలను కాదనలేదు. ఆనాటికి ఫోటోగ్రాఫు అంటే ఈనాటి కంప్యూటరు వంటిదే.

మోడా, నులక మంచం

గౌడీ కాగితం మీద కంటె ప్లాస్టరులోనే ఎక్కువగా ఆలోచించారు. ఆలయపు లోపలి భాగాలకు అసలు కొలతలో పదో వంతు ఉండే పెద్ద నమూనాలు చేయించి పెట్టారు. తాను పూర్తి చేయలేనని ఆయనకు తెలుసు. తరువాతి వారికి దారి చూపేవి ఆ నమూనాలే. అయితే 1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. అల్లరి మూక ఆలయములో చొరబడి పనిగదిని తగలబెట్టింది. నక్షాలు కాలిపోయాయి. నమూనాలు ముక్కలు ముక్కలయ్యాయి. యుద్ధం ముగిశాక, గౌడీ దగ్గర పని నేర్చుకున్నవారు ఆ ముక్కలను ఏరి, ఏది దేనిదో పోల్చుకుని, అతికించడం మొదలుపెట్టారు. యెరూషలేము ప్రాకారపు కాలిన రాళ్లను చూచి నెహెమ్యా శత్రువులు నవ్విన సంగతి బైబిలు చదివేవారికి జ్ఞాపకము వస్తుంది.

ఆ ముక్కలలో ఏముందో తెలుసుకోవాలంటే గౌడీ వాడిన ఆకారాలు తెలియాలి. పెద్ద లెక్కలు అక్కరలేదు. పేముతో చేసిన మోడా మీలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటుంది. పైనా కిందా వెడల్పుగా, నడుము సన్నగా వంపు తిరిగి ఉంటుంది. దగ్గరగా చూస్తే అందులో ప్రతి పుల్లా తిన్ననిదే. తిన్నని పుల్లలను ఏటవాలుగా చుట్టూ నిలబెడితే ఆ నడుము వంపు దానంతటదే వచ్చింది. ఇక నులక మంచం. నేల సరిగా లేక ఒక కోడు పైకి లేచిందనుకోండి. తాళ్లు బిగువుగా తిన్నగానే ఉంటాయి, మంచం మాత్రం మెలి తిరిగి గుర్రపు జీనులా అవుతుంది. గౌడీ తన చివరి సంవత్సరాలలో కప్పుకు, కిటికీలకు ముఖ్యంగా ఇటువంటి ఆకారాలనే వాడారు. చూడడానికి చెట్లలా, పువ్వులలా ఉంటాయి. కాని తిన్నని గీతలతో పుట్టిన వంపులు కనుక, తాపీమేస్త్రీ ఒక దారమూ ఒక గజంబద్దా పెట్టుకుని సరిచూసుకోగలడు. తన తరువాత వచ్చే పనివాడిని గురించి అంతగా ఆలోచించిన మనిషి ఆయన.

1979లో న్యూజిలాండు దేశపు విద్యార్థి మార్క్ బరీ అక్కడికి వచ్చారు. గౌడీ శిష్యుల తరములో మిగిలిన వృద్ధుల చేతుల మీదుగా ఆ ముక్కలు ఆయన ముందుకు వచ్చాయి. మొదట్లో పని అంతా పెన్సిలుతోనే. ఒక వంపు మరొక వంపును ఎక్కడ కోస్తుందో చేతితో గీయాలి. అది నెలల తరబడి సాగే పని. 1989 ప్రాంతము నుండి కంప్యూటరు పట్టారు. భవనాలు గీసే ప్రోగ్రాములు ఈ వంపులకు చాలలేదు. విమానాలు తయారుచేసేవారు వాడే ప్రోగ్రామును తెచ్చుకోవలసి వచ్చింది.

కంప్యూటరు చేసినది ఏమిటంటే, పగిలిన పెంకు ఒకటి దొరికితే అనుభవమున్న కుమ్మరి దాని వంపు చూసి కుండ ఎంతదో చెబుతాడు కదా, అటువంటి పనే. ప్లాస్టరు ముక్క మీద కొన్ని చోట్ల కొలతలు తీసి ఇస్తే, ఆ కొలతలన్నింటికీ సరిపడే ఆకారము ఏదో అది వెతికి పెడుతుంది. 2000 తరువాతి సంవత్సరాలలో, కంప్యూటరులో ఉన్న ఆకారాన్ని పొడితో పొర మీద పొరగా పేర్చి బొమ్మగా తీసే యంత్రాలు పనిగదికి వచ్చాయి. త్రీడీ ప్రింటరు అంటారు. పాతకాలపు ప్లాస్టరు పనివారు ఖాళీ అయిపోయారా? లేదు. యంత్రములోనుండి వచ్చిన బొమ్మను శుభ్రం చేసేది, గట్టిపరచేది, మరొక ముక్కతో జోడించేది, పెద్ద నమూనాలు పోసేది వారే. గౌడీ చేసినట్టే నమూనా కింద నిలబడి తల పైకెత్తి చూసి, ఇది బాగుంది, ఇది బాగులేదు అని తేల్చేది కూడా మనుష్యులే.

రాయి కోసే చోటికి కూడా కంప్యూటరు కొలతలు వెళ్లాయి. మొదట నిండు సైజులో గీసిన నమూనా రేకులు ఇచ్చి రాతిపనివారిచేత కొట్టించారు. తరువాత కంప్యూటరు చెప్పిన దారిలో కదిలే రంపాలు వచ్చాయి. మధ్య గోపురాలకు వచ్చేసరికి రాతి పలకలలో గుండా ఉక్కు కడ్డీలు దూర్చి, బిగించి, పెద్ద పెద్ద పలకలుగా ముందే కూర్చే పద్ధతి పెట్టారు. ఆ కూర్పు నగరానికి దూరంగా జరిగేది. సిద్ధమైన పలకలు లారీల మీద వచ్చి, క్రేనుతో పైకి లేచి, తమ చోట కూర్చునేవి. సొలొమోను మందిరము కట్టునప్పుడు రాళ్లను గని దగ్గరనే సిద్ధపరచి తెచ్చారనీ, మందిరపు స్థలములో సుత్తె చప్పుడైనా గొడ్డలి చప్పుడైనా వినబడలేదనీ మొదటి రాజుల గ్రంథము 6వ అధ్యాయములో చదువుతాము. బార్సిలోనాలో అంత నిశ్శబ్దం లేదు గాని, పద్ధతి అదే.

పని వేగం పెరిగింది. 2010 నవంబరు 7న పోపు 16వ బెనెడిక్టు ఆ ఆలయాన్ని ప్రతిష్ఠించారు. 2021 డిసెంబరులో మరియ గోపురము, 2022, 2023 సంవత్సరాలలో నలుగురు సువార్తికుల గోపురాలు ముగిశాయి. 2025 అక్టోబరులో మధ్యనున్న యేసుక్రీస్తు గోపురము జర్మనీలోని ఉల్మ్ ఆలయాన్ని మించి ప్రపంచంలోని చర్చిలన్నింటిలోకి ఎత్తైనదైంది. గౌడీ దానికి నిర్ణయించిన ఎత్తు 172.5 మీటర్లు. పక్కనున్న మోంజుయిక్ కొండ కంటె కొంచెము తక్కువ. మనుష్యుల పని దేవుని పనిని మించకూడదని ఆయన ఉద్దేశం.

రాయి కొట్టడానికి వచ్చినవాడు

ఇంత యంత్రము మధ్య ఒక మనిషి కథ చెప్పాలి. 1978లో ఎత్సురో సొటో అనే జపాను యువకుడు యూరపు చూడవచ్చి బార్సిలోనాలో ఆగాడు. ఆలయము దగ్గర రాళ్ల గుట్ట చూసి, రాయి కొట్టే పని ఇమ్మని అడిగాడు. ఇచ్చారు. అలా మొదలైనవారు జనన ద్వారము మీద మిగిలిపోయిన శిల్పాలను దశాబ్దాలపాటు చెక్కారు. వాద్యాలు వాయించే దూతలు, పాడే దూతలు ఆయన చేతివే. దూతల వరుస 2000 నాటికి పూర్తయింది. వచ్చినప్పుడు ఆయన క్రైస్తవుడు కాదు. గౌడీ చేసినది అర్థము కావాలంటే గౌడీని చూస్తే చాలదు, గౌడీ ఎటు చూశాడో అటు చూడాలి అనే ఆలోచన ఆయనను లేఖనము వైపు నడిపించింది. బాప్తిస్మము పొందారు. స్కానరు ఒక దూత ముఖాన్ని కొలవగలదు. ఆ దూత ఎవరిని చూసి పాడుతున్నాడో కొలవలేదు. సొటో గారికి కావలసింది ఆ రెండోదే.

పడమటి ద్వారము చెక్కిన జుసెప్ మరియా సుబిరాక్స్ దారి వేరు. 1986లో ఆ పని ఒప్పుకున్నప్పుడే తాను గౌడీని అనుకరించనని చెప్పారు. కోణాలు తేలిన మొరటు రాతి మనుష్యులను చెక్కారు. జనము తగాదా పడ్డారు. శ్రమ మరణ ద్వారానికి ఆ మొరటుతనమే తగినదని నాకనిపిస్తుంది. ఒప్పుకోనివారు చాలామంది ఉన్నారు.

మొరటు పని ఎవరు చేయాలి?

యంత్రాన్ని తప్పుపట్టే ముందు, పాత శిల్పులు కూడా అంతా తామే చెక్కలేదని తెలుసుకోవాలి. ఇటలీలో అంతోనియో కనోవా గొప్ప శిల్పి. 1757లో పుట్టి 1822లో చనిపోయారు. ఆయన మట్టితో బొమ్మ చేసేవారు. దాని మీద ప్లాస్టరు అచ్చు తీసి, అంతటా చిన్న మేకులు గుచ్చేవారు. సహాయకులు ఆ మేకుల మధ్య దూరాలు కొలిచి పాలరాతిలోకి దించి, పైనున్న రాయంతా కొట్టేసేవారు. చివరి పొర మాత్రం కనోవాది. దీపము వెలుతురులో ఆ పై చర్మాన్ని నునుపు చేసేవారు. ఆయన పుట్టిన పొస్సాన్యో ఊరి మ్యూజియములో ఆ ప్లాస్టరు బొమ్మలు మేకులతో సహా ఇప్పటికీ ఉన్నాయి.

మైకెలాంజెలో పాలరాయి ఎంచుకున్న కరారా గనుల దగ్గర ఇప్పుడు ఆ సహాయకుల చోటులో రోబోటు చేతులున్నాయి. వజ్రపు మొన తిరుగుతూ ఉంటుంది, నీళ్లు చిమ్ముతూ ఉంటాయి, రాత్రీ పగలూ రాయి కరుగుతూ ఉంటుంది. చివరి కొన్ని మిల్లీమీటర్లు మిగిల్చి ఆపుతారు. తరువాత మనిషి ఉలి పట్టుకుంటాడు. పై చూపుకు ఇది న్యాయమైన పంపకంలాగే ఉంది. మొరటు పని యంత్రానికి, నాజూకు పని మనిషికి.

కాని నాజూకు పని చేసే ఆ మనిషికి చెయ్యి ఎలా తిరిగింది? నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో తరతరాలుగా రాతి శిల్పం చెక్కే కుటుంబాలున్నాయి. అక్కడైనా, బార్సిలోనాలోనైనా, కుర్రవాడికి మొదటి రోజునే ముఖము చెక్కమని ఎవరూ ఇవ్వరు. ఉలికి మొన పెట్టడం, రాయి దొర్లించడం, ముఖము మట్టంగా చదును చేయడం, గురువు గీసిన గీత దాకా అదనపు రాయి కొట్టేయడం. ఏళ్ల తరబడి ఇదే. ఈ పని విసుగు పుట్టిస్తుంది. అయితే రాయి ఎటు చీలుతుందో, దెబ్బ వేసినప్పుడు గట్టి రాయి ఎలా మోగుతుందో, లోపల పగులున్న రాయి ఎలా మూగగా పలుకుతుందో చేతికీ చెవికీ తెలిసేది ఈ ఏళ్లలోనే. యంత్రము తీసుకుంటున్నది సరిగ్గా ఈ పనినే. నిన్నటి మొరటు పనిలో చెయ్యి తిరిగిన శిల్పి ఇవాళ రోబోటు పక్కన నిలబడి చివరి మిల్లీమీటరు చెక్కుతున్నాడు. ఆయన తరువాత ఆ చోట నిలబడవలసిన కుర్రవాడు మొరటు పని చేయనే లేదు. కంప్యూటరు శిల్పి పొట్ట కొడుతుందా అని అందరూ అడుగుతారు. శిష్యుని పాఠాలు కొడుతున్నదని తక్కువమంది గమనిస్తారు. నేర్పే బుద్ధి కూడా వరమే అన్న బెసలేలు సంగతి అందుకే మొదట చెప్పాను.

రెండో వైపు కూడా చూడాలి. రాతి దుమ్ము మంచిది కాదు. ఇసుకరాయిలోను గ్రానైటులోను ఉండే సిలికా అనే పదార్థము పొడిగా కొట్టినప్పుడు కంటికి కనబడని ధూళియై ఊపిరితిత్తులలో చేరుతుంది. అది పోదు. సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానిని నయము చేసే మందు లేదు, క్షయ కూడా దాని వెంట తొందరగా పట్టుకుంటుంది. చేత్తో పట్టుకునే కరెంటు కటింగు మిషను నీళ్లు లేకుండా వాడితే, ఉలి కంటె ఎక్కువ సన్నని దుమ్ము లేపుతుంది. గుడ్డ ముక్క ముక్కుకు కట్టుకుంటే చాలదు. నీళ్లు చిమ్ముతూ, మూసిన గదిలో తిరిగే కంప్యూటరు మిషను ఆ మాటకొస్తే మనిషి ప్రాణానికి మేలు. చేతిపని పవిత్రమని మనము కుర్చీలో కూర్చుని పొగడడం తేలిక. దగ్గుతూ నలభై ఏళ్లకే మూలపడిన రాతిపనివాని భార్యను అడిగితే ఆమె ఏమంటుందో వేరు.

కనుక యంత్రము వద్దనడం నాకు ఇష్టము లేదు. మొరటు పనిలో ప్రాణము తీసే భాగము యంత్రానికి వెళ్లనివ్వండి. పాఠము నేర్పే భాగము మాత్రం కుర్రవానికి కావాలని విడిగా ఉంచాలి. అది దానంతటదే మిగలదు. ఎవరో ఒకరు పూనుకుని, ఖర్చు పెట్టుకుని మిగల్చాలి.

పారిస్‌లో అలా పూనుకున్నారు. అక్కడి నోత్రదామ్ ఆలయాన్ని ఆండ్రూ టాలన్ అనే అమెరికా అధ్యాపకుడు 2010 ప్రాంతములో లేజరుతో అంగుళమంగుళమూ కొలిచి పెట్టారు. వంద కోట్లకు పైగా బిందువులు. ఆయన 2018 నవంబరులో చనిపోయారు. అయిదు నెలలకు, 2019 ఏప్రిల్ 15న, ఆలయపు కప్పు కాలి కూలింది. ఆయన కొలతలు బాగుచేసేవారికి ఆధారమయ్యాయి. శిఖరము చుట్టూ ఉండే అపొస్తలుల, సువార్తికుల చిహ్నాల రాగి ప్రతిమలు 16, అగ్నిప్రమాదానికి నాలుగే రోజుల ముందు మరమ్మతు కోసమని క్రేనుతో కిందకు దించి ఉన్నందున దక్కాయి. ఇంత కొలత చేతిలో ఉండి కూడా, కప్పు దూలాలను మాత్రం రంపపు మిల్లులో కోయించలేదు. ఓకు మానులను 13వ శతాబ్దపు వడ్రంగులవలె గొడ్డళ్లతోనే చెక్కించారు. పడుచు వడ్రంగులకు ఆ పని నేర్పించవలసి వచ్చింది, నేర్పించారు. 2024 డిసెంబరు 7న ఆలయము మళ్లీ తెరిచారు. కొలత కంప్యూటరుది, దెబ్బ చేతిది.

మన దగ్గర

మన తెలుగు సంఘాలకూ రాతి ఆలయాల చరిత్ర ఉంది. మెదకు ఆలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారి కాలములో కట్టిన ఎపిఫనీ ఆలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. దేవళాల తీరు స్తంభాలు, మసీదుల తీరు గుమ్మటాలు కలిపి, మన నేలకు అతికేటట్టు కట్టిన ఆలయమది. ఆ స్తంభాల మీద ఉలి పెట్టినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఎండకూ వానకూ రాతి చెక్కడము కొద్దికొద్దిగా అరిగిపోతుంది. ఒక మంచి కెమెరాతో చుట్టూ తిరిగి వందల ఫోటోలు తీస్తే, వాటిని కలిపి నిండు ఆకారముగా కూర్చే ప్రోగ్రాములు ఇప్పుడు మామూలు కంప్యూటరులోనే నడుస్తాయి. ఇంజినీరింగు చదివే మన సంఘ యౌవనస్థులు వేసవి సెలవులలో చేయగలిగిన పని. పాత ఆలయాలున్న పాస్టరేటు కమిటీలు దీనిని ఎజెండాలో పెట్టుకుంటే బాగుంటుంది. సున్నానికీ రంగులకూ పెట్టే ఖర్చులో కొంత చాలు. అన్నట్టు, చెక్కిన రాతి మీద ఎనామెలు రంగు పూయించే అలవాటు ఎక్కడైనా ఉంటే దయచేసి మానుకోవాలి. ఉలి గీతలు పూడిపోతాయి.

ఇక శిల్పిని గురించి. తిరుమల తిరుపతి దేవస్థానము వారు 1960 నుండి తిరుపతిలో శిల్పకళ నేర్పే సంస్థ నడుపుతున్నారు. గురువుల దగ్గర కూర్చుని పిల్లలు ఏళ్లపాటు నేర్చుకుంటారు. ఒకప్పుడు మన మిషనులు కూడా వడ్రంగం, నేత, అచ్చుపని నేర్పే పాఠశాలలు పెట్టాయి. ఇప్పుడు మన పిల్లలలో చెయ్యి మంచిదున్నవాడిని కూడా కంప్యూటరు కోర్సుకే తోలుతున్నాము. రెండూ తెలిసినవాడు ఈ రోజున అరుదు. ఉలి పట్టిన చేతితోనే మౌసు పట్టగల కుర్రవాడికి, రాయి ఎక్కడ చీలుతుందో తెలిసి ప్రోగ్రాము రాయగలవాడికి, పనికి కొదవ ఉండదు.

చర్చికి ఫలకమో, బల్లయో, బాప్తిస్మపు తొట్టియో చేయించేటప్పుడు మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదానికి ఇచ్చేస్తాము. ఆ లెక్కలో యంత్రమే ఎప్పుడూ గెలుస్తుంది. ఆ మేస్త్రీ దగ్గర నేర్చుకునే పిల్లవాడు ఎవరైనా ఉన్నాడా అని కూడా ఒక మాట అడగవచ్చు. ఉంటే, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆయనకే ఇవ్వవచ్చు. నమూనా కంప్యూటరులో గీయించి, చెక్కడము చేతితో చేయించుకోవచ్చు.

బార్సిలోనాలో మూడో ద్వారము, మహిమ ద్వారము, ఇంకా పూర్తి కాలేదు. 2002లో మొదలుపెట్టారు. ఆలయానికి అదే ముఖద్వారము. మరణము, తీర్పు, మహిమ దాని అంశాలు. గౌడీ దానికొక నమూనా చేసిపెట్టారు. 1936లో అదీ పగిలింది. దొరికిన ముక్కలను బట్టి కొలతలు కట్టి ఆకారము కూర్చుతూ వచ్చారు. అక్కడ నిలబడవలసిన మనుష్యుల ముఖాలు చెక్కవలసి ఉంది.